రొట్టెలు మోసిన మెడ

ఫిక్రీని నేను క్షమించను.

మెత్తటి మనసున్నవాళ్లు ఉంటారు. "పోనీలే, పెళ్లాం తమ్ముడే కదా" అంటారు. ఆ మాట నా దగ్గర అనొద్దని ముందే చెబుతున్నాను. నేను నాలుగో తరగతితో బడి మానినవాణ్ణి. వాడు కరెంటు ఆఫీసులో కుర్చీ ఉన్న గుమాస్తా. అరబ్బీ ఒక్కటే కాదు, ఇంగ్లీషు కూడా గడగడా చదువుతాడు. నా ఒంటి గురించి డాక్టర్లు రాసిన ప్రతి కాగితాన్నీ నేను వాడి కళ్లతోనే చదివాను. వాడు చదివిందే నాకు జబ్బు, వాడు చదవనిది నాకు లేదు. అలా నమ్మి రెండేళ్ల కింద నడుం కోయించుకున్నాను. ఆ కోత కోసం ఫయ్యూమ్‌లో మా నాన్న వదిలి వెళ్లిన నేల అమ్ముకున్నాను. కోత మానింది. కాళ్లు మాత్రం బాగుపడలేదు, ఇంకా బిగుసుకున్నాయి.

ఎక్కడున్నామో ఒకసారి చెప్పుకుందాం. నా పేరు మిత్వల్లి. కైరోలో, బూలాక్ వీధుల్లో ముప్పై ఆరేళ్లు తల మీద రొట్టెలు మోశాను. నెత్తి మీద చుట్టకుదురు, దాని మీద ఈతమట్టల చట్రం, చట్రం మీద రెండు వందల రొట్టెలు, కింద సైకిలు. ఒక చెయ్యి చట్రానికి, ఒక చెయ్యి హ్యాండిలుకు. రెండేళ్ల కింద కాళ్లు నా మాట వినడం మానేయడం మొదలుపెట్టాయి. చెప్పు ఎప్పుడు ఊడిపోయిందో తెలిసేది కాదు, వెనక నుంచి ఎవరో పిలిచి చెప్పేవాళ్లు. ఈ ఏడాది చేతుల వంతు వచ్చింది. మూడు నెలలుగా నా వీధులు మా బట్టీలోనే ఇంకో మోతగాడు షిహాతా తిరుగుతున్నాడు, నేను లేచేదాకా అన్న మాట మీద.

పోయిన వారం నా భార్య ఇన్షిరా నన్ను ప్రభుత్వ ఆసుపత్రికి ఈడ్చుకెళ్లింది. డాక్టర్ సౌసన్ గది గుమ్మంలోనే, నేను నోరు తెరవకముందే, ఒక్క మాట అంది: "చేతులు చూడండి డాక్టరమ్మా." అంతే, మళ్లీ మాట్లాడలేదు. డాక్టరమ్మ నన్ను నా పొడుగు అంగీ, గలాబియా గుండీలు పెట్టుకోమంది. మూడు గుండీలు పెట్టేసరికి నాకు చెమటలు పట్టాయి. నా నడిమి వేలు గోరు మీద చిటిక వేసింది, బొటనవేలు దానంతట అదే కప్పలా ఎగిరింది. తల వంచమంది. వంచగానే వెన్నులోంచి మడమల దాకా కరెంటు పాకింది. అప్పుడు అడిగింది, ఏం పని చేసేవాడివి అని. రొట్టెలు మోసేవాణ్ణన్నాను. దేని మీద అంది. తల మీద అన్నాను. ఆమె కలం కింద పెట్టేసింది. నా వీపు కింది కోత మచ్చ చూసి, "మరి నీ నడుం ఎవరు కోశారు?" అంది.

ఇవాళ అదే ఆసుపత్రి నేలమాళిగలో, స్కాన్ గది ముందు బల్ల మీద కూర్చున్నాం. నాకు కుడి పక్క ఇన్షిరా, ఒళ్లో పాత ఫొటోల సంచి. ఎడమ పక్క ఫిక్రీ, సెలవు పెట్టి వచ్చానని అప్పటికి మూడుసార్లు చెప్పాడు.

మిషను నడిపే ఉస్తాద్ విస్సా బయటికి వచ్చాడు. నున్నటి గుండు, మెడలో తాడుకు వేలాడే కళ్లజోడు. పనివాళ్లందరినీ మర్యాదగా 'ఉస్తా' అని పిలుస్తాడు.

"ఉస్తా మిత్వల్లీ, ఒంట్లో ఇనుము ముక్క ఏదైనా ఉందా? యుద్ధం తూటా, గుండెకు మిషను, కంట్లో రజను?"

"ముప్పై ఆరేళ్లు రొట్టెలే మోశాను, ఇనుము మొయ్యలేదు."

"అయితే రొట్టెలు బయట పెట్టి రా. ఉంగరం, చిల్లర, తాళం చెవి అన్నీ తీసెయ్. ఇది అయస్కాంతం. పోయిన నెల ఒక పెద్దమనిషి జేబులో చెంచా మరిచాడు. అది జేబు చించుకుని వెళ్లి లోపల అతుక్కుంది."

"స్కాన్ గదికి చెంచా ఎందుకు తెచ్చాడు?"

"ఆసుపత్రి చెంచాల మీద నమ్మకం లేదట."

ఇన్షిరా నా ఉంగరం లాగింది, చిల్లర తీసింది, చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. నేను ఏదీ తీయలేకపోయాను. ఆమె తీస్తుంటే పసిపిల్లాడిలా నిలబడ్డాను.

పలక మీద పడుకోబెట్టారు. చెవుల్లో దూది ఉండలు. ముఖం మీద పంజరం లాంటిది దించి టక్కున బిగించారు. ముక్కుకు నాలుగు వేళ్ల ఎత్తున ప్లాస్టిక్ ఊచలు. కుడి చేతిలో రబ్బరు బుడగ పెట్టాడు విస్సా.

"ఊపిరాడకపోతే ఇది నొక్కు. వస్తాను. అరగంట మెడ కదపొద్దు."

"ముప్పై ఆరేళ్లు కదపలేదు" అన్నాను. నా మాట నాకే దూది లోంచి వినిపించింది.

పలక లోపలికి జారింది. ఎండాకాలం చల్లారిన రొట్టెల బట్టీలోకి మమ్మల్ని దూర్చేవారు, బూడిద గోకడానికి. పదమూడేళ్లప్పుడు దూరాను. ఇది దానికంటే ఇరుకు. బట్టీలో మోచెయ్యి మడవొచ్చు. ఇక్కడ భుజాలు రెండు పక్కలా గోడకు ఆనాయి. కళ్ల ముందు తెల్లటి గొట్టం, అంతకు మించి లోకం లేదు. తరవాత మోత మొదలైంది. ఎవరో తలుపు బాదుతున్నట్టు, ఆపి, ఇంకో తలుపు వెతుక్కున్నట్టు.

కొంచెం సేపటికి ఊపిరాడలేదు. బుడగ నొక్కాను. ఎవరూ రాలేదు. మళ్లీ నొక్కాను. మోత మారింది, మనిషి రాలేదు. అప్పుడు తెలిసింది నాకు: నా చేతిలో బుడగ ఉందో లేదో నాకు తెలియడం లేదు. వేళ్లు నొక్కుతున్నాయో, ఊరికే ఉన్నాయో తెలియడం లేదు. కేక వేద్దామంటే గవ్వలో చీమ కేక వేసినట్టు ఉంటుంది. తల ఎత్తి చూద్దామంటే పంజరం. ఉన్నచోటనే ఉండి, ఉన్నానో లేదో తెలియకుండా ఉన్నాను.

ఇంత కష్టం దేనికి వచ్చిందో అక్కడే, ఆ మోతలోనే తలుచుకున్నాను.

మా పనిలో ఒక మాట అనరు. కాలు నొప్పి అనొచ్చు, నడుం పట్టేసిందనొచ్చు, కళ్లు మండుతున్నాయనొచ్చు. మెడ అనకూడదు. నేను చేరిన కొత్తలో ఖమీస్ బాబాయి ఉండేవాడు, బూలాక్‌లో అంతటి మోతగాడు లేడు. ఒకనాడు టీ తాగుతూ మెడ వెనక చెయ్యి పెట్టుకుని "ఇక్కడ పట్టేసిందిరా" అన్నాడు. అంతే అన్నాడు. మర్నాడు తెల్లవారి యజమాని ఆయన చట్రం ఇంకొకడి నెత్తిన పెట్టాడు. ఖమీస్ బాబాయి ఖాళీ సైకిలు నడిపించుకుంటూ వీధి చివరి దాకా వెళ్లాడు, మళ్లీ కనిపించలేదు. మెడ పోయినవాడి వీధులు ఎవరివైనా కావచ్చు. అందుకే మొదటి డాక్టరు ఎక్కడ నొప్పి అని అడిగితే నడుం చూపించాను. సైకిలు మీంచి పడ్డానని చెప్పాను. పడలేదు. ఆయన నడుం ఫొటో తీయించాడు. చూపించిన చోటే చూస్తారు కదా.

మోత ఆగింది. పలక బయటికి జారింది. లేవబోయాను.

"ఆగు!" విస్సా రెండు అంగల్లో వచ్చి నా భుజాలు పట్టుకున్నాడు. "లేవకు ఉస్తా. తల తిప్పకు. డాక్టరమ్మ వస్తోంది."

"బుడగ నొక్కాను. రాలేదేం?"

వంగి కింద నుంచి ఏదో తీశాడు. "ఇదా? ఇది మొదటి నిమిషంలోనే నేల మీద పడింది."

మెడకు గట్టి పట్టా కట్టాడు. గడ్డం కింద ఒకటి, వెనక ఒకటి. పక్కగదిలో చక్రాల మంచం మీదికి నలుగురు కలిసి పలకతో సహా మార్చారు. నాకు పైకప్పు తప్ప ఏదీ కనిపించదు. పైకప్పు మీద తేమ మరక, చుట్టూ పసుపు అంచు. ఎవరైనా నాకు కనబడాలంటే నా మీదికి వంగాల్సిందే.

ముందు వంగింది డాక్టర్ సౌసన్. ఫొటో ఒకటి నా ముఖానికి పైన దీపానికి అడ్డంగా పట్టుకుంది.

"ఇది నీ మెడ. ఈ ఎముకల మధ్యలో కిందికి దిగుతున్న బూడిద రంగు తాడు చూశావా? కాళ్లకీ చేతులకీ కబుర్లన్నీ దీని లోంచే పోతాయి. పైన ఎంత లావుగా ఉంది? ఇక్కడికి వచ్చేసరికి?"

చూశాను. బొటనవేలంత తాడు ఒక చోట దారమంత అయింది. రెండు పక్కల నుంచి ఎవరో గొంతు నులిమినట్టు ఉంది.

"ఎముకలు అరిగి, పెరిగి నొక్కేస్తున్నాయి. నొక్కుడు ఉన్న చోట లోపల తెల్ల మచ్చ ఉంది, అది దెబ్బతిన్న చోటు. పోయింది తిరిగి వస్తుందని నేను మాట ఇవ్వను. మిగిలింది పోకుండా ఆపొచ్చు. ఈ వారంలోనే మెడ వెనక తెరిచి తాడుకు చోటు చెయ్యాలి."

"చెయ్యకపోతే?"

"గుమ్మం తట్టుకుని పడ్డా చాలు. మెడ కింద ఏదీ నీ మాట వినదు. ఒంటేలుతో సహా."

ఆవిడ దాపరికం లేని మనిషి. అందుకు ఆవిడ మీద నాకు కోపం లేదు.

"పాత ఫొటోలు ఉన్నాయా?" అంది. ఇన్షిరా సంచి ఇచ్చిన చప్పుడు వినిపించింది. ఫొటోలు గలగలమన్నాయి.

"విస్సా, ఇది చూడు. ఎముకలు లెక్కపెట్టడానికి మొదట ఒక చిన్న ఫొటో తీస్తారు, తల నుంచి తోక దాకా. మూలన ఉంది. అందులోనే కనబడుతోంది." కాగితం విప్పిన చప్పుడు. "రిపోర్టులో రాశారు కూడా. ఆఖరి వరుస. 'మెడ దగ్గర వెన్నుపాము నొక్కుకుపోయినట్టున్నది, వెంటనే మెడ స్కాన్ తీయించవలెను.' తేదీ రెండేళ్ల కిందటిది." ఆవిడ మళ్లీ నా మీదికి వంగింది. "ఇది మీకెవరూ చదివి చెప్పలేదా?"

పైకప్పు మీది మరక కదిలినట్టయింది.

"పడక సంగతి చూసి వస్తాను. ఇతన్ని కదపొద్దు" అని ఆవిడ వెళ్లిపోయింది.

"ఫిక్రీ" అన్నాను.

"ఇక్కడే ఉన్నా బావా."

"కనబడు."

వాడి ముఖం పైకప్పుకు అడ్డంగా వచ్చింది. మీసాలు నున్నగా కత్తిరించుకుని, సెలవు పెట్టి వచ్చిన ముఖం.

"ఆ కాగితం చదివావా?"

"చదివాను."

"ఆఖరి వరుస?"

"అదీ చదివాను బావా."

"ఏముంది అందులో?"

"డాక్టరమ్మ ఇప్పుడేగా చదివింది."

"నీ నోటితో విందామని. ఇంగ్లీషు చదువుకున్న నోరు కదా. చెప్పు ఫిక్రీ అఫందీ, దొరగారూ, ఏ చోటు ఫొటో తీయించమన్నారు?"

వాడు చెయ్యి ఎత్తి తన మెడ వెనక పెట్టుకుని చూపించాడు.

"దానికి పేరు లేదా?"

"ఉంది."

"మరి అను."

"అనను బావా."

ఒళ్లు మండింది. లేచి వాడి చొక్కా పట్టుకునే రోజులు కావు. నాకు మిగిలింది నాలుక ఒక్కటే. "దొంగా! రెండేళ్లు ఈ కాగితం సంచిలో పెట్టుకుని నా ఇంటికి వచ్చావు, నా అన్నం తిన్నావు! నా భూమికి బేరగాణ్ణి తెచ్చింది నువ్వు! నా నడుం కోస్తుంటే బయట కూర్చుని గింజలు నమిలింది నువ్వు! కోసే చోటు అది కాదని తెలిసి!"

"బావా, గింజలు నమల్లేదు."

"నమిలావు! నేను బయటికొచ్చేసరికి పొట్టు నీ చొక్కా మీద ఉంది!"

"సరే, నమిలాను. భయమేసి నమిలాను." వాడు ఇంకా కిందికి వంగాడు. "ఇప్పుడు నేను చెప్పేది వింటావా? ఎలాగూ లేచిపోలేవు."

ఆ ఒక్క మాటకు చంపెయ్యాలి వాణ్ణి. కానీ నిజమే, లేచిపోలేను.

"రిపోర్టు వచ్చిన రోజు నేరుగా బట్టీ దగ్గరికి తెచ్చాను. నువ్వు అప్పుడే చట్రం దించావు. షిహాతా అక్కడే కూర్చుని సైకిలుకు గాలి కొడుతున్నాడు. ఇంకో ఏడెనిమిది మంది ఉన్నారు. కాగితం విప్పి, నడుం గురించి అంతా చదివి, 'బావా, కింద ఇంకో మాట రాశారు, నీ...' అన్నాను. నువ్వు నా నోరు మూశావు."

"నేనా?"

"అరచేత్తో. గట్టిగా. నా మీసాల నిండా పిండి అంటుకుంది."

నాకు గుర్తొచ్చింది. వాడి ముఖం మీద తెల్లటి అయిదు వేళ్లు. అందరూ నవ్వారు. షిహాతా గాలి కొట్టడం ఆపి మా వైపే చూస్తున్నాడు. పిండి వరకు గుర్తొచ్చింది. ఆ తరవాతది రాలేదు.

"తరవాత ఏమన్నావో గుర్తుందా?"

"ఏదో అనుంటాను."

"ఏదో కాదు. షిహాతాకి వినబడాలని వీధి చివరిదాకా అరిచావు. 'నా మనుషుల్లో గానీ నా అత్తింటివాళ్లలో గానీ ఎవరి నోటినుంచైనా నా దగ్గర ఆ మాట వచ్చిందా, నా పెళ్లానికి తలాక్! మూడోదీ ఆఖరిదీ!' అన్నావు."

విస్సా ఎక్కడో గొంతు సవరించుకున్నాడు.

మా వీధిలో మగాళ్లు తలాక్ మీద ఎన్ని ఒట్లు వేస్తారో చెబితే బయటివాళ్లు నవ్వుతారు. టీ డబ్బులు నేనిస్తానంటే నేనిస్తానని తలాక్ మీద ఒట్టు. ఇంకో ముద్ద తినకపోతే తలాక్ అని అతిథికి ఒట్టు. నోట్లోంచి ఉమ్మి పడ్డట్టు పడిపోతుంది, ఇంటికి వెళ్లేలోగా మరిచిపోతాం. నేనూ మరిచిపోయాను. కానీ అందరి లెక్క వేరు, నా లెక్క వేరు. నేను ఇన్షిరాకు నిజంగానే రెండుసార్లు తలాక్ చెప్పాను. ఒకసారి కూరలో ఉప్పు గురించి మొదలై ఎక్కడికో పోయిన గొడవలో. ఒకసారి చెప్పకుండా వాళ్లక్క ఇంటికి వెళ్లిందని. రెండుసార్లూ నెల తిరక్కుండా తెచ్చుకున్నాను. మూడోది పడితే తెచ్చుకోవడం ఉండదు.

"అది కోపంలో అన్న మాటరా" అన్నాను.

"నేనూ అదే అనుకుని అడిగి వచ్చాను. కోర్టు దగ్గర వకీలు, ఒట్టు ఒట్టే గానీ తలాక్ కాదు, చెల్లదన్నాడు. మన మసీదు షేక్, చెల్లుతుంది, నోరు జాగ్రత్త అన్నాడు. ఇద్దరిలో ఎవరు తప్పయినా పోయేది మా అక్క కాపురం. దేని మీద పందెం కాయమంటావు? అందుకే నడుం కోసే డాక్టరు దగ్గరికి ఒంటరిగా వెళ్లి ఆ వరుస చూపించాను. 'బరువులు మోసేవాళ్లందరికీ పైన అలాగే ఉంటుంది, ముందు నడుం చూద్దాం' అని నవ్వాడు. నేను కరెంటు బిల్లులు చూసేవాణ్ణి బావా, ఆయనకు ఎదురు చెప్పేవాణ్ణా?"

"మీ అక్కకి తెలుసా?"

"ఒట్టు సంగతి ఆ సాయంత్రమే తెలిసింది. షిహాతా పెళ్లాం మెట్లెక్కి వచ్చి మరీ చెప్పింది. కాగితం సంగతి ఆ మర్నాడు నేనే చదివి వినిపించాను. నీకు వినబడనంత దూరంలో."

రెండేళ్లు ఒక్కొక్కటే నా మీదికి వంగి ముఖం చూపించాయి. మండే జూలైలో ఇన్షిరా ఉన్ని మఫ్లరు కొని తెచ్చి మెడకు చుట్టింది, పిచ్చిదానివా అని తిట్టాను. నా తలగడ లోంచి దూది తీసి పలచన చేసింది, దొంగిలిస్తున్నావా అన్నాను. గ్యాసు బండ ఎత్తబోతే అడ్డం పడుకుంది. నేను నిద్రపోయాననుకుని మెడ వెనక నువ్వుల నూనె రాసేది, మెలకువ వచ్చి ఏంటన్నానా, దోమ అనేది. వేరే డాక్టరు దగ్గరికి పోదామని వారం వారం ప్రాణం తీసింది, ఎందుకో చెప్పమంటే గోడ వైపు తిరిగేది. చివరికి ఆ గుమ్మంలో "చేతులు చూడండి డాక్టరమ్మా" అంది. అనగలిగిన చోటు వరకే అంది.

నేను అరగంట ఆ గొట్టంలో ఉండి చచ్చిపోతున్నాననుకున్నాను.

"ఇన్షిరా" అన్నాను.

"ఇక్కడే ఉన్నా." కాళ్ల దగ్గర నుంచి వచ్చింది గొంతు. ఎంతసేపటి నుంచి అక్కడ నిలబడిందో తెలియదు.

ఇక్కడ నేను ఏం చెయ్యాల్సిందో నాకిప్పుడు తెలుసు. అప్పుడు చేసింది మాత్రం వేరే. వీధి మొత్తం నా ముందు నిలబడ్డట్టయింది. మెడకు పట్టాతో బయటికి నన్ను తోసుకెళ్తారు, సాయంత్రానికి షిహాతాకు తెలుస్తుంది, రేపు తెల్లవారి ఖమీస్ బాబాయిలా ఖాళీ సైకిలు.

"ఈ పట్టా విప్పండి. ఇంటికి పోదాం" అన్నాను. "ఒక కోతకే ఉన్న నేలంతా పోయింది. ఇంకో కోత లేదు. నాకు నొప్పి నడుంలోనే. ఎవరడిగినా నడుమే అని చెప్పండి."

"బావా, డాక్టరమ్మ ఏం చెప్పిందో..."

"నడుమే! విప్పు విస్సా!"

"నేను విప్పను ఉస్తా" అన్నాడు విస్సా.

నేనే విప్పుకుందామని చెయ్యి ఎత్తాను. చెయ్యి గడ్డం దాకా వచ్చింది. వేళ్లకు కట్టు దొరకలేదు. గీరుతున్నాయి, జారుతున్నాయి. అప్పుడు ఇన్షిరా ముఖం నా మీదికి వచ్చింది. ఆమె నా చెయ్యి పట్టుకోలేదు, నా కళ్లలోకి చూసింది.

"వఫా నాన్నా, నన్ను చూడు." మా కూతురి పేరుతోనే నన్ను పిలుస్తుంది.

"అక్కా, వద్దు!" ఫిక్రీ అరిచాడు. "నీ కాళ్లు పట్టుకుంటా, అనొద్దు, నేను ఇంకో దారి..."

"నీ మెడ" అంది ఇన్షిరా.

గదిలో ఎక్కడో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించింది.

"నీ మెడ పోతోంది మిత్వల్లీ. నడుం కాదు, ఏనాడూ కాదు. నీ మెడ. పెళ్లి మాటలప్పుడు నీ మెడ చూసే మా అమ్మ ఒప్పుకుంది, ఈ మెడ మీద ఇల్లు నిలుస్తుందని. రెండేళ్లుగా ఈ మాట మింగి మింగి నాకు వేరే ముద్ద దిగలేదు. నువ్వు కాళ్లీడుస్తుంటే మింగాను, నేల అమ్ముతుంటే మింగాను. ఇంక మింగను. నువ్వు నా మొగుడివి కాకపోయినా ఫర్వాలేదు, వఫాకి నాన్నవై లేచి నిలబడు. కోయించుకో."



ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. నా కంటి చివర నుంచి కొంచెం కనబడుతోంది. వంగినప్పుడు తల గుడ్డ జారి, నుదుటి మీద నెరిసిన జుట్టు బయటపడింది. ఇరవై రెండేళ్లు నేను చూసిన జుట్టే. ఆమె రెండు చేతులతో గుడ్డ ముందుకు లాక్కుని, ఒక్క వెంట్రుక కనబడకుండా సర్దుకుంది. విస్సా ముందు సర్దుకున్నట్టు. పరాయి మగాడి ముందు సర్దుకున్నట్టు.

అందుకే అంటున్నాను, ఫిక్రీని క్షమించనని. అక్క అనగలిగిన మాట తమ్ముడు అనలేకపోయాడు. వాడు అనుంటే పాపం వాడిది అయ్యేది. వాణ్ణి తిట్టుకుంటూ బతికేవాణ్ణి.

డాక్టర్ సౌసన్ తలుపు తోసుకుని వచ్చింది. గదిలో ఏం జరిగిందో ఆవిడకు తెలియదు. "పడక దొరికింది. గురువారం ఆపరేషను. సర్కారు ఖర్చుకు అర్జీ పెట్టాలి, ఈ ఫారం నింపండి. మధ్యాహ్నం రెండు లోపల నాకు అందాలి" అని కాగితం ఎవరి చేతిలోనో పెట్టి వెళ్లింది. ఆ చెయ్యి ఎవరిదో చూడక్కర్లేదు. మా ఇంట్లో కాగితాలు ఎవరి చేతికి వెళ్తాయో తెలిసిందే.

ఫిక్రీ బల్ల జరుపుకుని కూర్చున్నాడు. కలం మూత తీశాడు.

"పేరు?" తనే రాసుకున్నాడు. "వయసు నలభై తొమ్మిది. పని?"

"రొట్టెల మోత" అన్నాను.

రాశాడు. కలం కిందికి జరిగిన చప్పుడు, తరవాత ఆగిన చప్పుడు. కాగితం మీద కలం ఆగితే కూడా చప్పుడవుతుందని నాకు ఆ రోజే తెలిసింది.

"చదువు" అన్నాను.

"భార్య పేరు" అన్నాడు.

పైకప్పు మీది మరక వైపు చూస్తున్నాను. కాళ్ల దగ్గర ఇన్షిరా నా చెప్పులు ఇంకా చేతిలోనే పట్టుకుని ఉంది. అవి ఒకదానికొకటి తగిలి చిన్నగా టక్కుమన్నాయి. వకీలు చెల్లదన్నాడు. షేక్ చెల్లుతుందన్నాడు. నేను తల తిప్పి ఆమె ముఖం చూస్తే ఏదో ఒకటి తెలిసేది. తల తిప్పకూడదు.

"ఏమని రాయను బావా?"

"ఆ గడి వదిలెయ్. తరవాతది చదువు."

"సొంత భూమి" అన్నాడు.

దానికి నేను జవాబు చెప్పగలను. అడగ్గానే చెప్పగలను, నిద్రలో లేపి అడిగినా చెప్పగలను.

"లేదని రాయి."

ఆ గడి చిన్నది, లేదు అన్న మాట వరకే పట్టింది. అందుకని మిగతాది ఇక్కడ చెబుతున్నాను. ఫయ్యూమ్‌లో, కాలవ గట్టున, మా నాన్న పేరు మీద ఉండి నా పేరు మీదికి వచ్చి, కోయక్కర్లేని నడుం కోసం పోయింది అర ఎకరానికి కొంచెం తక్కువ, మా కొలతలో తొమ్మిది కీరాతుల పదహారు సహంల నేల.